పెట్టె మీద కూర్చోవాల్సిన రోజు

ముఖానికి రంగు వేసే పనిలో నలభై ఏళ్ళకు పైగా ఉన్నాను. మొదట తెనాలిలో నాటకాలకు, తర్వాత హైదరాబాదులో టీవీకి. ఇప్పుడు తెనాలిలోనే ఇంటిపట్టున ఉంటున్నాను. మేకప్ నేర్చుకుంటామని అప్పుడప్పుడు పిల్లలు వస్తారు. ఏ కంపెనీ ఫౌండేషన్ మంచిది, ఏ బ్రష్షు కొనాలి, హైదరాబాదులో ఎవర్ని పట్టుకోవాలి అని అడుగుతారు. బ్రష్షుల సంగతి షాపువాడు చెబుతాడు. ఎవర్ని పట్టుకోవాలో వెళ్ళిన వారానికి మీకే తెలుస్తుంది. ఎవరూ చెప్పనిది ఒకటుంది. నేను తప్పు చేసి తెలుసుకున్నాను కాబట్టి అది రాస్తున్నాను.

మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. యాభై దాటేదాకా రెండిట్లో ఏదీ చదవడం రాదు నాకు. ఇందులో తప్పులుంటే ఉంటాయి. నా తప్పులు దిద్దేవాడు ఒకడున్నాడు. ఇది వాడి గురించే గనక వాడికి చూపించలేదు.

పిచ్చయ్య మేస్త్రి

ఇరవై రెండేళ్ళ దాకా రైసుమిల్లులో బస్తాలు మోశాను. నడుం పట్టేసింది. నాటకాలకు కిరీటాలు, గదలు, జడలు అద్దెకిచ్చే పిచ్చయ్య గారి షాపులో సామాన్లు దులపడానికి చేరాను. ఆయన రంగు కూడా వేసేవారు. నోరు మంచిది కాదు. మెచ్చుకోవడం అనేది ఆయన ఒంట్లో లేదు. ముక్కుపొడుం మనిషి. ఆయన దగ్గర ఒక టేకు పెట్టె ఉండేది, జింకుపౌడరు, ముఖానికి పూసే పసుపు అర్దళం, కాటుక, మీసాలు అతికించే గమ్ము అన్నీ అందులోనే. ఆయన పోయాక అది నాకొచ్చింది.

నాటకం ఎప్పుడు మొదలైనా సరే, ముఖాలు మాత్రం పొద్దుండగా చూసేవారు. నటుణ్ణి పడమటి వైపు తిప్పి కూర్చోబెట్టి, తడిగుడ్డతో ముఖం తుడిచి, ఒక పట్టు పొడుం పీల్చేంతసేపు ఊరికే చూసేవారు. కంటి కింది రెప్ప లాగి చూసేవారు. చెవి వెనక చూసేవారు. ఆ తర్వాతే పెట్టె తెరిచేవారు.

"మీరేమన్నా డాక్టరా మేస్త్రీ?" అని వేళాకోళం చేశాను ఒకసారి.

"డాక్టరు దగ్గరికి జొరం వస్తేగాని పోడు. నా దగ్గరికి రోజూ వస్తాడు," అన్నారు. "లాంతరు వెలుగులో అందరూ అందగాళ్ళేరా సాయిబూ. పొద్దుండగా చూడు."

కొల్లిపర వైపు ఒక ఊళ్ళో నాటకం. రాజు వేషం వేసే ఆయన పేరున్న నటుడు. సాయంత్రం కారు దిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మందు వాసన పక్కనున్న నాకే కొట్టింది.

"కానియ్ మేస్త్రీ, జనం వచ్చేస్తున్నారు."

పిచ్చయ్య గారు పొడుం డబ్బా మూశారు. తర్వాత పెట్టె మూశారు. మూసి దాని మీద కూర్చున్నారు.

"ఏంటిది?"

"పెట్టె."

"పెట్టెని నాకూ తెలుసు. లెయ్."

"తాగిన మొహానికి రంగెయ్యను."

ఆయన తిట్టాడు. నాటకం ఒప్పుకున్న కాంట్రాక్టరు తిట్టాడు. ఊరి పెద్ద వచ్చి, "మా ఊరి పరువు పోద్దయ్యా," అన్నాడు. పిచ్చయ్య గారు కదల్లేదు. "మీ ఊరి పరువు రేపు మళ్ళీ వస్తదండి. ఈయన పోతే రాడు," అన్నారు. గంట గడిచింది. జనం ఈలలు. చివరికి రాజు గారే లేచి వెళ్ళి బోరింగు కింద తల పెట్టాడు. బోరింగు కొట్టడానికి నన్ను పంపారు. ఎంతసేపు కొట్టానో చేతులు పడిపోయాయి. మజ్జిగ తాగి, తల తుడుచుకుని, ఇంకో అరగంట గోడకానుకుని కూర్చుని, వచ్చి, "ఇప్పుడు చూడు," అన్నాడు. పిచ్చయ్య గారు చూశారు. అప్పుడు లేచారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, "వాళ్ళు మనల్ని కొట్టుంటే ఏం చేసేవాళ్ళం మేస్త్రీ?"

"పెట్టె మీదే కూర్చుని కొట్టించుకునేవాళ్ళం. రంగేసేవాడు వెయ్యనంటే నాటకం లేదురా. మనకున్న బలం అదొక్కటే. రోజూ వాడకూడదు. వాడాల్సిన రోజున వాడకపోతే మాత్రం నువ్వు సున్నం కొట్టేవాడివి. గోడ లోపల పగులుందో లేదో వాడికి అక్కర్లేదు."

ఈ కథ నేను నా సర్వీసులో కొన్ని వందల మందికి చెప్పుంటాను. చెబుతుంటే గొప్పగా ఉండేది.

నేలే ఊగుతోంది

నేను అప్పటికే హైదరాబాదులో ఒక టీవీ కామెడీ ప్రోగ్రాముకు మేకప్ చేస్తున్నాను. తెనాలిలో నాటికల పోటీలైతే మాత్రం సెలవు పెట్టి వచ్చేసేవాణ్ణి. అలా వచ్చినప్పుడే కొండలు నా కుర్చీలో కూర్చున్నాడు. పూర్తి పేరు ఏడుకొండలు. రేపల్లె అవతల హార్బరు దగ్గర పల్లె. వాళ్ళది సముద్రంలో చేపల వేటకు పోయే కుటుంబం. వీడు మాత్రం ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తూ నాటికలు వేసేవాడు. ఆ రోజు వేషం తాగుబోతు, ఐదే నిమిషాలు.

నేను కళ్ళ కింద ఎరుపు పూయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడ కాదు బాబాయ్. ఇక్కడ." ముక్కుకు రెండు పక్కలా చూపించాడు. "మా నాయనకి ఇక్కడ ఉండేది."

"ఉండేది అంటే?"

"పోయాడు. అందుకే."

నవ్వుతూనే చెప్పాడు. వాడికి అప్పటికి మందు అలవాటు లేదు. గోలీసోడా తాగేవాడు, అదీ సగం నాకిచ్చేవాడు.

స్టేజి మీద వాడు తూలలేదు. నిటారుగా నిలబడ్డాడు, కొయ్యలాగా. ఆ నిలబడటం చూసి జనం పగలబడి నవ్వారు. "నేను బానే ఉన్నానండీ. నేలే ఊగుతోంది!" అన్నాడు ఒక్క మాట. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి కండువా నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత అడిగితే చెప్పాడు: "తాగినోడు తూలకుండా ఉండాలని చూస్తాడు బాబాయ్. నవ్వొచ్చేది అందుకు. తూలితే ఏముంది, జాలేస్తది."

నేనే హైదరాబాదు తీసుకెళ్ళాను. రైలెక్కే రోజు వాళ్ళమ్మ వెంకాయమ్మ తెనాలి స్టేషనుకు వచ్చింది. రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతుంది. ఐసులో పెట్టిన చందువాల బుట్ట నా చేతిలో పెట్టింది.

"సాయిబన్నయ్యా, మా ఆయన మొకం నేను రోజూ చూశా. ముందు మొకం మారింది. మనిషి తర్వాత మారాడు. ఈడి మొకం రోజూ చూసేది ఇంక నువ్వే. మారితే నాకు కబురు పెట్టు."

"పెడతానమ్మా," అన్నాను. అప్పుడు అదొక పెద్ద మాటగా అనిపించలేదు.

అద్దం మీద అక్షరాలు

టీవీలో మేకప్ గది గోడకు రోజూ ఒక కాగితం అంటిస్తారు. ఎవరికి ఏ వేషమో అందులో ఉంటుంది. నాకు చదవడం రాదని ఎవరికీ తెలీదు. "కళ్ళజోడు మర్చిపోయాను, కాస్త చదివిపెట్టండి," అని పొద్దున్నే ఎవరితోనో చదివించుకుని గుర్తుపెట్టుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలాగే నెట్టుకొచ్చాను.

ఒకరోజు మధ్యాహ్నం కాగితం మార్చారు. నాకెవరూ చెప్పలేదు, చదవలేను. పెళ్ళికూతురు వేషం వెయ్యాల్సిన అతనికి నేను పోలీసు మీసం అతికించి పంపాను. గమ్ము మీసం లాగితే తోలు లేస్తుంది, తియ్యాలంటే టైము పడుతుంది. కెమెరాలు రెడీ. పట్టుచీర, పూలజడ, గుబురు మీసంతో పెళ్ళికూతురు పీటల మీదకొచ్చింది. సెట్టు మొత్తం స్తంభించిపోయింది. కొండలు ఒక్క అడుగు ముందుకేసి నిటారుగా నిలబడి, "అమ్మాయి అచ్చం వాళ్ళ నాన్న పోలికండీ," అన్నాడు. ఆ ఎపిసోడ్ ఎంత నవ్వించిందంటే ఆ మీసం నా ఐడియా అనుకుని డైరెక్టరు భుజం తట్టాడు.

సాయంత్రం కొండలు మేకప్ గది తలుపు మూశాడు.

"బాబాయ్, కళ్ళజోడు నీ జేబులోనే ఉంది."

నేను జేబు తడుముకున్నాను.

"చదువు రాదు కదూ?"

"ఎవరికీ చెప్పకురా."

"చెప్పను. రేపట్నుంచి పావుగంట ముందు రా. పలకా బలపం అక్కర్లేదు."

కనుబొమ్మల పెన్సిల్‌తో అద్దం మీద రాసేవాడు. నేను కింద రాసేవాణ్ణి. తుడిచేసేవాడు. తప్పు రాస్తే మేకప్ స్పాంజితో చేతి మీద ఒకటిచ్చేవాడు, వాడి తండ్రి వయసు నాది. ఆర్నెల్లు పట్టింది. ఒక పొద్దున గోడ మీది కాగితం ముందు నిలబడి కూడబలుక్కుని చదివాను. కొండలు. పక్కన, తాగుబోతు. ఎవరి సాయం లేకుండా నేను చదివిన మొదటి రెండు మాటలు అవి. గట్టిగా అరిచినట్టు చదివాను. "నేను బానే ఉన్నానండీ," అన్నాడు కుర్చీలోంచి. ఇద్దరం నవ్వలేక చచ్చాం.

ఉప్పుగాలికి కాగిన వాడి ఒంటిరంగుకు బజారులో దొరికే ఏ డబ్బా సరిపోయేది కాదు. మూడు రంగులు కలిపి వాడి కోసమని వేరే డబ్బాలో పెట్టాను. దాని మీద చీటీ అంటించి నా చేత్తో రాశాను: కొండలు. 'ల'కు కొమ్మెక్కడ పెట్టాలో తెలీక మొదటిసారి తప్పు రాశాను. వాడు దిద్దాడు. ఆ దిద్దిన చీటీ ఇంకా దాని మీదే ఉంది.

ఆ మూడేళ్ళ లాంటి రోజులు నాకు మళ్ళీ రాలేదు. పొద్దున్నే గదిలో మేమిద్దరమే, అద్దం చుట్టూ బల్బులు, వాడు నోట్లో ఇడ్లీ పెట్టుకుని "ఒత్తు ఏదీ, ఒత్తు?" అని అరవడం. రిటైరైన వాళ్ళందరూ ఆఫీసు తలుచుకుంటారంటారు. నేను ఆ పావుగంటలు తలుచుకుంటాను.

నల్ల కళ్ళద్దాలు

కొండలు పేరు మోగిపోయింది. రేపల్లె ప్లాట్‌ఫారం మీద పిల్లలు కొయ్యల్లా నిలబడి "నేలే ఊగుతోంది" అనేవాళ్ళు. ఆటోల వెనక రాయించుకున్నారు. పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు పిలిచేవాళ్ళు. అక్కడ మొదలైంది. "అన్నా, ఒకటేసి చెయ్యన్నా, ఒరిజినల్‌గా ఉంటది," అని గ్లాసు చేతిలో పెట్టేవాళ్ళు. మొదట్లో పూలకుండీలో పోసేవాడట. పొయ్యకుండా తాగింది ఏ రోజో వాడికీ గుర్తులేదు. ఎందుకు తాగాడంటే డాక్టర్లు రకరకాలుగా చెప్పారు. పేరు వల్ల అన్నారు, ఒంటరితనం అన్నారు, తండ్రి నుంచి వచ్చిందన్నారు. నాకు అవన్నీ తెలీవు. నాకు తెలిసింది ముఖం.

మొదట్లో తాగుడు నేను గీసేవాణ్ణి. ముక్కు పక్కన ఎరుపు, కళ్ళ కింద ఉబ్బు. అరగంట పట్టేది. రెండో ఏడు అరగంట పట్టడం లేదు. ఎరుపు అక్కడే ఉంది. మూడో ఏడు వాడికి డాక్టరు వేషమో, పంతులు వేషమో ఇస్తే, ఆ ఎరుపు చెరపడానికి నాకు గంట పట్టేది. పొద్దున్నే వాడి చేతులు వణికేవి. ఒక గుక్క పడితే వణుకు ఆగేది. "బాబాయ్, ఇది నీ పెట్టెలో ఉండనీ, డైరెక్టరు చూస్తే బాగోదు," అని ఒక సీసా ఇచ్చాడు. పన్నీరు సీసాలో పోసి పెట్టాను. అవును, పిచ్చయ్య గారి పెట్టెలోనే పెట్టాను. ఎందుకు పెట్టావంటే, వాడు అడిగాడు కాబట్టి. వాడు అడిగితే నేను కాదనలేను. ప్రేమ అనుకున్నాను దాన్ని.

ఒక పొద్దున డబ్బా తీసి చెంప మీద రాస్తే రంగు కలవలేదు. నా చేత్తో వాడికోసం కలిపిన రంగు. మళ్ళీ తుడిచి రాశాను. కలవలేదు. వాణ్ణి కిటికీ వైపు తిప్పాను. కంటి కింది రెప్ప లాగి చూశాను.

"కామెర్లురా."

"షూటింగ్ అయ్యాక చూపించుకుంటా బాబాయ్."

"ఇప్పుడే పోదాం."

"అమ్మకి మాత్రం చెప్పకు. వారం ఆగు. సీజను చివర్లో ఉన్నాం."

ఇంతలో డైరెక్టరు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంటి మస్తాన్ గారూ, వీడేంటి పసుపు రాసుకున్నట్టున్నాడు? ఏదో ఒకటి చెయ్యండి. ఇరవై నిమిషాలు."

ఇప్పుడు చదివే పిల్లలు ఇక్కడ ఆగండి. పెట్టె నా పక్కనే ఉంది. మూత తెరిచే ఉంది. మూసి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుంది?

నేను వంకాయరంగు కొంచెం కలిపాను. పసుపు మీద వంకాయరంగు పడితే పసుపు చస్తుంది, దాని మీద మామూలు రంగు కలిసిపోతుంది. అది పనితనం, అందరికీ రాదు. కళ్ళలో పసుపుకు రంగు వెయ్యలేను గనక నల్ల కళ్ళద్దాలు పెడదామని నేనే సలహా ఇచ్చాను. డైరెక్టరు నన్ను వాటేసుకున్నాడు. "మీ చేతిలో మాయ ఉందండీ," అన్నాడు. పిచ్చయ్య గారు పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట. నిజం రాయాలి కదా, నాకు సంతోషమేసింది.

నల్ల కళ్ళద్దాలు జనానికి నచ్చాయి. కొత్త స్టైలన్నారు. అలా పదకొండు రోజులు వేశాను. రోజుకు రోజు వంకాయరంగు పెంచుకుంటూ పోయాను. వెంకాయమ్మకు కబురు పెట్టలేదు. అప్పటికి నాకు ఉత్తరం రాయడం కూడా వచ్చు.

పన్నెండో రోజు మధ్యాహ్నం షాట్‌లో కొండలు నిటారుగా వచ్చి నిలబడ్డాడు. "నేను బానే ఉన్నానండీ. నేలే..." అన్నాడు. తూలాడు. పడ్డాడు.

చప్పట్లు. ఎదురుగా కూర్చున్న జనం లేచి మరీ కొట్టారు. కెమెరా వాళ్ళు నవ్వుతున్నారు. నాకు ఒక్కడికే తెలిసింది, వాడు ఎప్పుడూ తూలడు. స్పాంజి చేతిలో ఉండగానే సెట్టు మీదకు పరిగెత్తాను. నేనూ స్కిట్‌లో భాగమనుకుని నన్ను చూసి ఇంకా నవ్వారు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని "ఆపండి" అని అరుస్తుంటే కూడా నవ్వారు. నవ్వు ఎంతసేపటికి ఆగిందో నాకు తెలీదు. ఇప్పటికీ టీవీలో ఎవరు నవ్వినా నేను లేచి వెళ్ళిపోతాను.

ఆస్పత్రిలో నర్సు దూదితో వాడి ముఖం తుడిచింది. ఒక్క తుడుపుకి ఒక చార. నా రంగు కింద పసుపు బయటపడింది, మామిడిపండు తోలు తీసినట్టు. డాక్టరు ఆ దూది వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

నాకొక్కడికే రోజుతో సహా తెలుసు.

"పన్నెండు రోజులండి," అన్నాను.

వెంకాయమ్మ అడిగింది

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చింది. చేతిలో సంచి, కాళ్ళకు చెప్పుల్లేవు. కొడుకుని గది తలుపు అద్దంలోంచి చూసి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"సాయిబన్నయ్యా, నువ్వు చూశావా?"

"చూశానమ్మా."

"చూసి?"

"రంగేశాను."

తల ఊపింది. సంచి ఒళ్ళోకి తీసుకుని, "మా ఆయనకి ఎవరూ రంగెయ్యలేదు. ఊరంతా చూసింది. అయినా పోయాడు," అంది. అది నన్ను ఊరుకోబెట్టడానికి అందో, పొడవడానికి అందో నాకు ఈరోజుకీ తెలీదు. అడిగే ధైర్యం లేదు.

కొండలు బతికాడు. లివరు సగం పోయింది, సగం ఉంది, ఇంక చుక్క ముట్టుకుంటే ఆ సగం కూడా ఉండదన్నారు. నేను ఆ నెలలోనే పని మానేసి పెట్టెతో తెనాలి వచ్చేశాను. నన్నెవరూ మానమనలేదు. నా మీద ఒక్క మాట పడలేదు. డైరెక్టరు అయితే, "మీ పని మీరు చేశారు," అన్నాడు. ఈ రంగంలో మీకు ఆ మాట చాలాసార్లు వినపడుతుంది. అది అన్నవాడి నుంచి కాస్త దూరంగా ఉండండి.

బాపట్ల ఉత్తరాలు

తాగుడు మాన్పించే చోట చేర్చారు వాణ్ణి, బాపట్ల నుంచి సముద్రం వైపు పోయే దారిలో. మొదట్లో ఫోను ఉండదు, మనుషుల్ని రానివ్వరు. ఉత్తరం రాయొచ్చన్నారు. నా జన్మలో రాసిన మొదటి ఉత్తరం అదే. రెండు పేజీలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. వారానికి జవాబొచ్చింది. విప్పితే, నా ఉత్తరమే. తప్పులన్నీ ఎర్రపెన్నుతో దిద్ది, కింద నూటికి ముప్పై ఒకటి వేసి తిరిగి పంపాడు.

ఒక ఉత్తరంలో జరిగిందంతా రాసి క్షమించమన్నాను. అది కూడా దిద్ది పంపాడు. మార్కులు వెయ్యలేదు. అంచున చిన్నగా రాశాడు: "పిచ్చయ్య గారి కథ నాకు నువ్వు ఎన్నిసార్లు చెప్పావో గుర్తుందా బాబాయ్? చెప్పినప్పుడల్లా అనుకునేవాణ్ణి, నాకైతే బాబాయ్ కూర్చుంటాడని."

ఆ ఉత్తరం మా ఆవిడకి కూడా చూపించలేదు.

మూడు నెలలకి బయటికొచ్చాడు. నాలుగు నెలలు బాగున్నాడు. మళ్ళీ తాగాడు. హార్బరు దగ్గర పడవ చాటున కూర్చుని ఉంటే వెంకాయమ్మ వెతుక్కుంది. ఈసారి ఎవరూ తీసుకెళ్ళలేదు, తనే బస్సెక్కి బాపట్ల వెళ్ళిపోయి లోపలికి తీసుకోమన్నాడు. మానేశాడని ఒకసారి చెప్పేస్తే అయిపోయే మాట కాదది. రోజూ పొద్దున్నే మళ్ళీ మొదటి నుంచి మానాలి. వాణ్ణి చూస్తే నాకు అర్థమైంది ఇదే, ఇంతకన్నా తెలీదు.

రెండోసారి వచ్చాక పాత ఐసు ఫ్యాక్టరీలోనే చేరాడు. నెలకోసారి రేపల్లె నుంచి ప్యాసింజర్‌లో వచ్చి నన్ను చూసి పోయేవాడు. టీవీ మాట ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తేవాణ్ణి కాదు. ఎత్తలేదు గాని, వాడు ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే నా వేళ్ళు వాడి చెంప కొలుచుకునేవి. ముఖం నిండింది. ముక్కు పక్క ఎరుపు పోయింది. ఇలాంటి ముఖానికి ఎంత తక్కువ రంగు పడుతుంది! ఒక్కసారి, ఒక్కసారి కుర్చీలో కూర్చోబెట్టి వెయ్యాలని ప్రాణం కొట్టుకునేది.

పడమటి కిటికీ

పోయిన ఎండాకాలం వాడు చెప్పాపెట్టకుండా వచ్చాడు. మాంచి ఎండ వేళ. గడ్డం శుభ్రంగా గీసుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, "బాబాయ్, పెట్టె తియ్," అన్నాడు.

"ఏంటి సంగతి?"

"మళ్ళీ పిలిచారు. పాత వాళ్ళందరితో స్పెషల్ అంట. ఒక్క ఎపిసోడే. అదే వేషం. ఫొటోలు కావాలంట, పాత గెటప్పులో. మేకప్ నీ చేతిదే కావాలని నేనే అడిగా."

నా చేతులు అప్పటికే మూత మీద ఉన్నాయి. అబద్ధం చెప్పను. మూత తీశాను కూడా. డబ్బా కనపడింది. రంగు ఎండి, కోత కోసిన చుండూరు చేనులాగా బీటలు పడి ఉంది. నీళ్ళు పోస్తే కలుస్తుంది.

ముందు గుడ్డ తడిపాను. వాణ్ణి పడమటి కిటికీ వైపు తిప్పాను. నెత్తి మీద నుంచి మెడ దాకా తడిపి తుడిచాను. రెప్ప లాగి చూశాను. తెల్లగా ఉంది. చెవి వెనక చూశాను. దోషమేమీ లేదు. ఎంత బాగున్నాడని! నా కళ్ళు మసకేశాయి.

"ఎన్నాళ్ళయిందిరా?"

"పంతొమ్మిది నెలలు."

"చెయ్యాలనుందా?"

"చచ్చేంతుంది బాబాయ్. ఆ చప్పట్లు చెవుల్లో రోజూ మోగుతయ్. ఐసు కొడుతుంటే కూడా." గుడ్డ నా చేతిలోంచి తీసుకుని మెడ తుడుచుకున్నాడు. "ఆ చప్పట్లు తలుచుకుంటే నోట్లో మందు రుచి కూడా వస్తది. రెండూ ఒకేసారి వస్తయ్. విడిగా రావు."

"మరి?"

"మరేంటి, అందుకే నీ దగ్గరికొచ్చా." నా వైపు తిరిగాడు. "హైదరాబాదులో రంగేసేవాళ్ళు వంద మందున్నారు. ఎవరైనా వేస్తారు. కాదని నోరు తెరిచి నేను చెప్పలేను. పొద్దున్నించి ఏడుసార్లు ఫోన్ చేశారు, ఏడుసార్లూ సరేనన్నా."

వాడేం అడుగుతున్నాడో నాకు అప్పటికి అర్థమైంది.

నేను డబ్బా తీసి ఒక్కసారి చేత్తో పట్టుకున్నాను. వాడు దిద్దిన చీటీ. దాన్ని లోపల పెట్టాను. మూత మూశాను. పెట్టెను గోడకు జరిపి దాని మీద కూర్చున్నాను. టేకు చెక్క కిర్రుమంది, పిచ్చయ్య గారు మళ్ళీ తిట్టినట్టు.

"ఏంటిది?" అన్నాడు వాడు.

"పెట్టె."

"పెట్టెని నాకూ తెలుసు. లెయ్ బాబాయ్."

"లేవను."

వాడు నవ్వాడో ఏడ్చాడో, రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. కుర్చీ దిగి నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎంతసేపు కూర్చుంటావ్?"

"అది ఆగేదాకా."

"సాయంత్రం దాకా చేస్తారు వాళ్ళు... బాబాయ్, నీ మోకాళ్ళు."

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకు? రెండు సమోసాలు చెప్పు మీ పిన్నికి."

మా ఆవిడ సమోసాలు తెచ్చి, పెట్టె మీద నన్నూ నేల మీద వాణ్ణీ చూసి, ప్లేటు మధ్యలో పెట్టి వెళ్ళింది. ఫోను మోగుతూనే ఉంది. ఎండ కిటికీలోంచి వాడి ముఖం మీద పడింది. చెమట పట్టి మెరుస్తోంది. నేను చూస్తూ కూర్చున్నాను. నా కింద, చెక్కకు ఆవలి వైపు, ఆ ముఖానికి సరిపోయే రంగు నాకొక్కడికే తెలిసిన పాళ్ళలో ఎండిపోయి ఉంది. నాలుగు గంటల రేపల్లె బండి కూత వినపడింది. మోకాళ్ళు పట్టేశాయి. లేవలేదు.